తాతగారి నెయ్యి, మనవడి గుండె

మనవాళ్ళు నలుగురు కూడిన చోట గుండెజబ్బుల ప్రస్తావన వస్తే రెండే రెండు వాదాలు వినిపిస్తాయి. ఒకటి, "మా వంశంలోనే ఉందండీ, రాసిపెట్టి ఉంటే తప్పుతుందా?" అన్నది. రెండోది, "మా తాత రోజూ గిద్దెడు నెయ్యి పోసుకు తిని తొంభై ఏళ్ళు బతికాడు, నాకేమవుతుంది?" అన్నది. తమాషా ఏమిటంటే ఒక్కోసారి ఒకే పెద్దమనిషి, ఒకే సాయంత్రం, మొదటి మాట భోజనానికి ముందూ రెండో మాట భోజనాల దగ్గరా అంటూ ఉంటాడు.

ఈ రెండు మాటలకీ మా ఇంట్లోనే సాక్ష్యాలున్నాయి. మా తాతగారు కృష్ణా డెల్టాలో రైతు. 86వ ఏట, రాత్రి మజ్జిగన్నం తిని పడుకుని, నిద్రలో పోయారు. ఆయన కొడుకు, అంటే మా నాన్నగారు, ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. 53వ ఏట గుండెపోటుతో పోయారు. మా అన్నయ్యకి 46వ ఏట స్టెంటు వేశారు. నాకిప్పుడు 47. చదివింది ఇంజనీరింగు, బతుకుతెరువు సాఫ్ట్‌వేరు. వైద్యం నాకు రాదు. కాని ఒక ప్రోగ్రాము ఎందుకు కూలిపోయిందో తేల్చాలంటే పాత లాగులన్నీ తిరగెయ్యడం మా వృత్తిధర్మం. ఆ అలవాటుకొద్దీ ఈ ప్రశ్న చరిత్రని తిరగేశాను. వంశమా, వాడుకా? ఈ ప్రశ్న మొదట ఎవరు అడిగారు, జవాబు ఎలా మారుతూ వచ్చింది?

మనలో బి.ఏ.లో ఇంగ్లీషు సాహిత్యం చదివినవాళ్ళకి మాథ్యూ ఆర్నాల్డ్ పేరు తెలిసే ఉంటుంది. కవి, విమర్శకుడు. 1888 ఏప్రిల్లో ఆయన కూతురు అమెరికానుంచి ఓడలో వస్తోంటే ఎదురువెళ్ళి తీసుకొద్దామని లివర్‌పూల్ వెళ్ళాడు. (విమానాశ్రయంలో మన అమ్మానాన్నల్ని తలుచుకోండి.) అక్కడ ట్రాము కోసం పరిగెత్తి కుప్పకూలిపోయాడు. వయసు 65. ఆయన తండ్రి థామస్ ఆర్నాల్డ్, పేరుమోసిన రగ్బీ స్కూలు హెడ్‌మాస్టరు, 1842లో గుండెనొప్పితో పోయాడు. మర్నాడు ఆయన 47వ పుట్టినరోజు. తాత విలియం 1801లో అలాగే హఠాత్తుగా పోయాడు. మూడు తరాలు. ఆ కాలపు మహావైద్యుడు విలియం ఓస్లర్ 1897లో గుండెనొప్పి మీద వెలువరించిన ఉపన్యాసాల్లో ఈ కుటుంబాన్ని ఉదాహరణగా చూపించాడు. ఆ ఓస్లరే, ఈ జబ్బు వచ్చేవాళ్ళు ఎక్కువగా తీరిక లేకుండా పరుగులుపెట్టే మనుషులని కూడా రాశాడు. అంటే వంశమూ వాడుకా రెండూ ఒకే డాక్టరు కళ్ళముందు ఉన్నాయి. రెండూ ఎక్కడ కలుస్తాయో చెప్పే సాధనం మాత్రం ఆయన దగ్గర లేదు.

ఆ తరవాత ఈ రెండు పాయలూ దేనిదారిన అవి పోయాయి. 1913లో సెంట్ పీటర్స్‌బర్గ్‌లో నికొలాయ్ అనిచ్‌కోవ్ కుందేళ్ళకి కొలెస్టరాలు తినిపించి వాటి రక్తనాళాల్లో పూడిక కట్టడం చూపించాడు. తిండి వాదానికి అది పునాది. 1938లో నార్వేలో కార్ల్ ముల్లర్ అనే డాక్టరు కొన్ని కుటుంబాల్లో మూడు లక్షణాలు కలిసి నడవడం గమనించాడు: చర్మం మీదా మడమ వెనక స్నాయువుల మీదా గడ్డలు, రక్తంలో మితిమీరిన కొలెస్టరాలు, చిన్నవయసులోనే గుండెజబ్బు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లల్లో సుమారు సగంమందికి వస్తోంది. వంశం వాదానికి ఇది పునాది.

మా ఇంటికి అరగంట దూరంలో ఫ్రేమింగ్‌హామ్ అనే ఊరుంది. బోస్టన్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళకి ఈ పేరు కొత్త కాదు. ఆ దారిన పోనివాడు ఉండడు. 1945 ఏప్రిల్ 12న ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ మెదడులో రక్తనాళం చిట్లి చనిపోయాడు. ఆరోజు ఆయన రక్తపోటు 300/190. ఎంతో కాలంగా రక్తపోటు పెరుగుతూనే ఉన్నా, ఆ వయసుకి అది మామూలేనని సరిపెట్టుకున్న రోజులవి. 1948 జూన్‌లో ట్రూమన్ గుండెజబ్బుల చట్టం మీద సంతకం చేశాడు. అదే ఏడు ఫ్రేమింగ్‌హామ్‌లో 30 నుంచి 62 ఏళ్ళ మధ్య వయసున్న 5,209 మంది ఆడా మగా పరీక్షలకి ఒప్పుకున్నారు. రెండేళ్ళకొకసారి పిలవడం, కొలవడం, రాసుకోవడం, ఎవరికి ఎప్పుడు ఏమవుతుందో ఓపిగ్గా కనిపెట్టి ఉండడం, ఇంతే పని. 1961లో విలియం కానెల్ బృందం రాసిన వ్యాసంతో "రిస్కు ఫాక్టర్" అన్న మాట వాడుకలోకి వచ్చింది. రక్తపోటు, కొలెస్టరాలు, సిగరెట్టు... ఇవాళ మన డాక్టరు కంప్యూటర్లో నింపే గళ్ళు ఈ ఊరివాళ్ళ ఒంట్లోంచి వచ్చినవే.

1971లో వాళ్ళ పిల్లల్నీ, 2002లో మనవల్నీ చేర్చుకున్నారు. దాంతో అరుదైన అవకాశం దొరికింది. మామూలుగా "మీ నాన్నకి గుండెజబ్బు ఉందా?" అని అడిగితే మనం జ్ఞాపకంమీద చెబుతాం. ఇక్కడ నాన్న ఫైలు బీరువాలోనే ఉంది. 2004లో ఆ లెక్కలు తీస్తే, తండ్రికి 55 లోపో తల్లికి 65 లోపో గుండెజబ్బో పక్షవాతమో వచ్చి ఉంటే, మిగతా రిస్కులన్నీ తీసేసి చూసినా, పిల్లలకి ప్రమాదం సుమారు రెట్టింపని తేలింది. మా నాన్నగారి 53 ఈ గీతకి ఇవతలే ఉంది.

ఇక వాడుక సంగతి. లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు రెండంతస్తుల బస్సుల్లో పనిచేసేవాళ్ళ రికార్డులు చూశాడు. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు, కండక్టరు రోజంతా మెట్లెక్కి దిగుతూ ఉంటాడు. కంపెనీ ఒకటే, ఒకే వర్గం మనుషులు. కాని డ్రైవర్లకే గుండెపోట్లు ఎక్కువ. 1953లో ఈ సంగతి అచ్చయింది. మోరిస్ అక్కడితో ఆగలేదు. 1956లో యూనిఫారాల కొలతలు తీసి చూస్తే, డ్రైవర్ల పంట్లాముల నడుము కొలతలే పెద్దవని తేలింది. మరి కూర్చోబట్టి నడుము పెరిగిందా, లావుగా ఉండే తత్వం ఉన్నవాళ్ళే డ్రైవర్లయ్యారా? తన సిద్ధాంతాన్ని తనే అనుమానించుకున్న ఆ మనిషంటే నాకు గౌరవం. ఆయన 99 ఏళ్ళు బతికాడు. (రోజుకి పది గంటలు కుర్చీలో కూర్చునే నాలాంటివాళ్ళు ఈ కథలో ఎవరో వేరే చెప్పక్కర్లేదు.)

రెండు పాయలూ కలిసిన చోటు డాలస్. టెక్సస్‌లోని ఆ ఊళ్ళో మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ 1970ల మొదట్లో ముల్లర్ వర్ణించిన జబ్బు మూలం పట్టుకున్నారు. మన రక్తంలో కొలెస్టరాలు ఎల్‌డిఎల్ అనే మూటల్లో తిరుగుతుంది. కణాల మీద ఆ మూటల్ని పట్టి లోపలికి లాక్కునే తలుపుల్లాంటివి ఉంటాయి, ముఖ్యంగా లివరులో. ఆ తలుపులు తయారుచేసే జన్యువు తల్లి దగ్గర్నుంచి ఒకటి, తండ్రి దగ్గర్నుంచి ఒకటి వస్తుంది. ఒకటి చెడిపోయి ఉంటే తలుపులు సగమే. మూటలు పుట్టిననాటినుంచీ రక్తంలో నిలవపడిపోతాయి. ఈ పనికి 1985లో ఇద్దరికీ నోబెల్ బహుమానం వచ్చింది. దాదాపు అదే కాలంలో జపానులో అకిరా ఎండో వేలకొద్దీ బూజుల్ని పరీక్షించి ఆ తలుపుల సంఖ్య పెంచే మందుకి దారి కనిపెట్టాడు. ఆ జాతి మందుల్లో మొదటిది 1987లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది. స్టాటిన్లంటే అవే.

ఇందులో నన్ను ఆపేసిన విషయం ఒకటుంది. నెయ్యి, వెన్న, మాంసపు కొవ్వు, కొబ్బరినూనె లాంటివి ఎక్కువ తింటే ఏమవుతుంది? లివరు ఆ తలుపుల్ని తగ్గించేస్తుంది. అంటే చెడ్డ జన్యువు ఎక్కడ దెబ్బకొడుతుందో, తిండి కూడా సరిగ్గా అక్కడే దెబ్బకొడుతుంది. వంశం, వంటిల్లు అని మనం రెండు గదులు కట్టుకున్నాం గాని రెండింటికీ తలుపు ఒకటే.

మరి జన్యువు అంత గట్టిదైతే పాతకాలంలో ఆ వంశాలవాళ్ళు ఎలా బతికారు? ఈ ప్రశ్న రెండుచోట్ల అడిగారు. అమెరికాలో యూటా రాష్ట్రంలో వంశవృక్షాలు జాగ్రత్తగా రాసుకునే ఆచారం ఉంది. రోజర్ విలియమ్స్ అనే డాక్టరు అక్కడ ఈ కొలెస్టరాలు జన్యువున్న నాలుగు వంశాల్ని వెనక్కి తవ్వుకుంటూ పోయి 1986లో ఫలితాలు అచ్చువేశాడు. ఈ తరం మగవాళ్ళు సగటున 45వ ఏట గుండెజబ్బుతో పోతున్నారు. అదే జన్యువుని వాళ్ళకి అందించిన ముత్తాతలు, 1880కి ముందు పుట్టినవాళ్ళు, 62 నుంచి 81 ఏళ్ళదాకా బతికారు.

రెండోది హాలండులో. 2001లో అక్కడి పరిశోధకులు ఈ జబ్బున్న ముగ్గురు రోగుల్ని తీసుకుని, వెనక్కి వెళ్ళి, ముగ్గురికీ ఉమ్మడి పూర్వీకులైన ఒక జంటని పట్టుకున్నారు. మళ్ళీ ఆ జంట దగ్గర్నుంచి ముందుకి వచ్చి, జన్యువు ఉండడానికి కనీసం సగం పాళ్ళు అవకాశమున్న 250 మంది ఎప్పుడు పోయారో చూశారు. 19వ శతాబ్దంలో ఈ వంశంవాళ్ళు మిగతా జనంకంటే ఎక్కువేమీ చనిపోలేదు. 1915 తరవాత చావులు పెరిగాయి. 1935-1964 మధ్య శిఖరానికెక్కాయి. ఆ తరవాత తగ్గాయి. మళ్ళీ అందులోనే ఒక శాఖలో చావులు రెండో శాఖకంటే మూడు రెట్లు. జన్యువు రెండు వందల ఏళ్ళూ అదే. మారినవల్లా తిండి, సిగరెట్టు, పని, ఆఖర్న మందులు.

మా వృత్తిలో ఇది తెలిసిన వ్యవహారమే. కోడులో తప్పు పదేళ్ళుగా ఉంటుంది, ఎవరికీ తెలియదు. ఒక పండగరోజు ట్రాఫిక్ నాలుగింతలవుతుంది, అంతా కూలిపోతుంది. తప్పు కోడుదా, ట్రాఫిక్‌దా అని మీటింగులో గంటసేపు కొట్టుకుంటాం.

హాలండు కథ చదివాక మా తాతగారి నెయ్యి సంగతి విచారించాలనిపించింది. మా మేనత్తకి 82 ఏళ్ళు, జ్ఞాపకం పాదరసం. ఫోనులో అడిగితే నవ్వింది. "గిద్దెడు నెయ్యా? ఎవరు చెప్పార్రా నీకు? పాడి ఉన్నన్నాళ్ళూ వెన్న కాచిన నెయ్యి షావుకారుకి వేసి ఉప్పూ పప్పూ తెచ్చుకునేవాళ్ళం. పండక్కీ, అల్లుళ్ళు వచ్చినప్పుడూ, బాలింతలకీ నెయ్యి. మీ తాతకి మజ్జిగే. గేదె ఒట్టిపోతే అదీ లేదు." తెల్లవారకముందే పొలానికి నడిచి, పొద్దుగూకాక నడిచి వచ్చిన మనిషి. ఇంకో సంగతి కూడా ఆవిడే చెప్పింది. తాతగారికి ఇద్దరు తమ్ముళ్ళున్నారట. ఇద్దరూ యాభై దాటకుండానే పోయారు. ఒకాయన పాముకాటుకి. ఇంకొకాయన "గుండెల్లో నొప్పి అని గట్టుమీద కూలబడ్డాడు, ఇంటికి తెచ్చేలోగా అయిపోయింది." ఎనభై ఆరేళ్ళు బతికిన తాతగారి ఫోటో ప్రతి ఇంట్లోనూ ఉంది. గట్టుమీద కూలబడిన చిన్నతాతగారి ఫోటో ఎక్కడా లేదు. అందుకే నెయ్యి కథ మాకు తెలుసు, ఆ కథ తెలియదు.

వంశాన్ని వాడుక ఎంతవరకు మోయగలదు? దీనికి అమెరికాలో అందరికీ గుర్తున్న పేరు జిమ్ ఫిక్స్. 1977లో పరుగుమీద ఈయన రాసిన పుస్తకం దేశాన్ని రోడ్లమీదకి తెచ్చింది. ఈయన 1984 జులైలో వెర్మాంట్‌లో పరిగెడుతూనే పడి చనిపోయాడు. 52 ఏళ్ళు. "చూశారా, పరిగెత్తి ఏం లాభం!" అనడానికి సోఫాల్లో కూర్చున్నవాళ్ళందరికీ మంచి ఆధారం దొరికింది. కాని ఆయన తండ్రికి 35వ ఏటే గుండెపోటు వచ్చింది, 43కి పోయాడు. ఫిక్స్ 35 దాకా లావుగా, రోజుకి రెండు పెట్టెల సిగరెట్లు కాలుస్తూ ఉన్నవాడే. తండ్రికంటే తొమ్మిదేళ్ళు ఎక్కువ బతికాడు. ఆ తొమ్మిదేళ్ళు పరుగు ఇచ్చినవని నేను రుజువు చెయ్యలేను. ఒక్క మనిషి కథతో ఏదీ రుజువు కాదు. ఐతే పరుగు పూడికని కడిగెయ్యదు. శవపరీక్షలో ఆయన గుండె ధమనులు బాగా పూడుకుపోయి కనిపించాయి. ఆయన పరుగెత్తాడు గాని పరీక్షలు చేయించుకోవడానికి మాత్రం ఇష్టపడేవాడు కాదని చెబుతారు.

ఇక మనలాంటి వలసజీవుల సంగతి. 1965లో మొదలైన ఒక అధ్యయనంలో హిరోషిమా-నాగసాకి, హొనొలులు, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతాల్లో ఉన్న జపాను మగవాళ్ళని పోల్చి చూశారు. జాతి ఒకటే. గుండెజబ్బు జపానులో తక్కువ, హవాయిలో కొంచెం ఎక్కువ, కాలిఫోర్నియాలో అన్నిటికంటే ఎక్కువ. 1976లో మార్మట్, సైమ్ అనే ఇద్దరు కాలిఫోర్నియావాళ్ళ లెక్కలు మరికాస్త లోతుగా చూశారు. తమవాళ్ళతో రాకపోకలు, పాత కట్టుబాట్లు నిలుపుకున్నవాళ్ళలో జబ్బు జపానులో ఉన్నంత తక్కువ. అమెరికా జీవితంలో బాగా కలిసిపోయినవాళ్ళలో మూడు నుంచి అయిదు రెట్లు. తిండి, సిగరెట్టు, రక్తపోటు లెక్కలోకి తీసుకున్నా తేడా పూర్తిగా పోలేదు. (మన సంఘం కార్యదర్శిగారు దీన్ని సభ్యత్వ ప్రచారానికి వాడుకోవచ్చు. మన సభల బఫే గురించి మాత్రం ఆ అధ్యయనంలో ఏమీ లేదు.)

భారతీయుల కథ ఇంకాస్త తిరకాసు. 1950-54 మధ్య సింగపూర్‌లో జరిగిన మరణాల మీద 1959లో వచ్చిన వ్యాసంలో, అదే ఊళ్ళో ఉంటున్న చైనావాళ్ళకంటే భారతీయులకి గుండెపోటు చావులు ఎన్నో రెట్లు ఎక్కువని మొదటిసారి స్పష్టంగా బయటపడింది. లండన్ పక్కన సౌతాల్‌లో మెకీగ్ బృందం 1991లో ఇచ్చిన వివరణ ఏమిటంటే, సిగరెట్టు, కొలెస్టరాలు, రక్తపోటు ఈ తేడాని వివరించలేవు. మనవాళ్ళకి కొవ్వు పొట్టచుట్టూ చేరుతుంది, ఇన్సులిన్ సరిగా పనిచెయ్యదు, చక్కెరజబ్బు త్వరగా వస్తుంది. "అమెరికా వచ్చి చెడిపోయాం" అనడానికి కూడా లేదు. 2003-04లో గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో ఏడాదిపాటు చావులన్నీ విచారించి చూస్తే, దాదాపు మూడోవంతు గుండె, రక్తనాళాల జబ్బులవే. పల్లెటూళ్ళలో మనుషులు జ్వరాలకీ విరేచనాలకీ పోతారనుకునే రోజులు అప్పటికే దాటిపోయాయన్నమాట.

2004లో సలీం యూసఫ్ నాయకత్వాన 52 దేశాల్లో చేసిన అధ్యయనం, గుండెపోట్లలో సుమారు 90 శాతానికి తొమ్మిది కారణాలు చాలునని తేల్చింది. సిగరెట్టు, కొలెస్టరాలు, రక్తపోటు, చక్కెర, పొట్ట, మనసులో ఒత్తిడి, కూరలూ పళ్ళూ తినకపోవడం, కదలకపోవడం ఉన్నాయందులో. (తొమ్మిదోది మద్యం; మితంగా తాగేవాళ్ళకి ప్రమాదం తక్కువగా కనిపించింది. దీన్ని మాత్రం మనవాళ్ళు చదవకుండానే గుర్తుపెట్టుకున్నారు.) కుటుంబ చరిత్రని కలిపితే 90 కాస్తా 91 అయింది, అంతే. దక్షిణాసియావాళ్ళకి మొదటి గుండెపోటు వచ్చే సగటు వయసు 53, మిగతావాళ్ళకి 59 అని 2007లో చెప్పిందీ ఇదే అధ్యయనం. దీన్నిబట్టి వంశం లెక్కలోకి రాదని కొందరు రాశారు. నేనొప్పుకోను. రక్తపోటు, చక్కెర, పొట్ట, ఇవన్నీ కూడా కొంతవరకు వంశంలోంచి వచ్చేవే. వంశం వీధి తలుపులోంచి రాకుండా ఈ తొమ్మిది కిటికీల్లోంచి వచ్చిందంతే.

2016లో శేఖర్ కథిరేశన్ బృందం ఈ రెంటినీ ఒకే కొలబద్దమీద పెట్టింది. సుమారు 55 వేలమంది. ఒక్కొక్కరి డిఎన్ఏలో 50 చోట్ల చూసి రిస్కు లెక్కకట్టారు. పై అయిదోవంతు జనానికి కింది అయిదోవంతుకంటే ప్రమాదం 91 శాతం ఎక్కువ. అదే పై అయిదోవంతులో, సిగరెట్టు తాగకపోవడం, ఊబకాయం లేకపోవడం, వారానికొక్కసారైనా వ్యాయామం, మంచి తిండి, ఈ నాలుగింట్లో కనీసం మూడున్నవాళ్ళకి, ఒకటో సున్నానో ఉన్నవాళ్ళకంటే ప్రమాదం 46 శాతం తక్కువ. ఒక బృందంలో పదేళ్ళలో గుండెజబ్బు వచ్చినవాళ్ళు 10.7 శాతం నుంచి 5.1కి దిగారు. సున్నాకి దిగలేదు, గమనించండి. పైగా పరీక్షకి నిలబడినవాళ్ళలో అత్యధికులు యూరప్ మూలాలవాళ్ళు. మన జన్యువులకి ఆ కొలబద్ద అంతే చక్కగా పనిచేస్తుందనుకోవడానికి లేదు. మనవాళ్ళ లెక్కలు మనవాళ్ళమీదే తీయాలని శాన్‌ఫ్రాన్సిస్కోలోనూ షికాగోలోనూ 2010లో "మసాలా" అనే అధ్యయనం మొదలుపెట్టారు. పేరు పెట్టినవాళ్ళకి చమత్కారం తెలుసు.

తిండికీ నడకకీ అసలు లొంగని రిస్కు కూడా ఒకటుంది. 1963లో నార్వేలోనే కోరె బెర్గ్ కనిపెట్టిన లైపోప్రోటీన్-ఎ. ఎల్‌డిఎల్ మూటకే అంటుకున్న ఇంకో తోక అనుకోండి. ఎవరికెంత ఉండాలో దాదాపు మొత్తం జన్యువులే తేలుస్తాయి. మామూలు కొలెస్టరాలు పరీక్షలో ఇది కనబడదు, అడిగి చేయించుకోవాలి. 50 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువ. అన్నయ్యకి స్టెంటు వేశాక చేస్తే 92. నాది 78. నాన్నగారిది ఎంతో చూసినవాళ్ళు లేరు. ఐతే 2017లో ఇంగ్లండునుంచి వచ్చిన ఒక లెక్కలో, ఇది 50 దాటిన వాళ్ళలోనే, బరువు, తిండి, కదలిక, సిగరెట్టు, రక్తపోటు, చక్కెర, కొలెస్టరాలు అన్నీ అదుపులో ఉన్నవాళ్ళకి, అవి అదుపు తప్పినవాళ్ళకంటే జబ్బు మూడింట రెండువంతులు తక్కువ. తోక అలాగే ఉంది, తగ్గింది మిగతా బరువు.

నేను స్టాటిన్ వేసుకుంటున్నాను. మధ్యాహ్నం మీటింగులు రెండు నడుస్తూ వింటాను. అన్నయ్య సిగరెట్టు మానేసి పద్నాలుగు నెలలు. యూటావాళ్ళని చూసి మా వంశవృక్షం ఒక స్ప్రెడ్‌షీటులో వేశాను. ఇప్పటికి 31 పేర్లు ఎక్కాయి. 12 మందికి పోయిన వయసు తెలియదు, 17 మందికి కారణం తెలియదు. గట్టుమీద కూలబడిన చిన్నతాతగారి పిల్లలు గుంటూరులో ఉన్నారట. మేనత్త ఫోను నంబరు వెతికిపెడతానంది. మా అమ్మాయికి పదహారేళ్ళు. వేసవి సెలవుల్లో దానికీ ఆ పరీక్ష చేయించడానికి డాక్టరు దగ్గర తేదీ తీసుకున్నాం.